రాగి గీత మెలికల్లో సమయం ఎక్కడ తప్పుతుంది?

[తెర మీద: మదర్‌బోర్డు. ప్రాసెసరుకూ ర్యామ్ స్లాట్లకూ మధ్య భాగం బాగా దగ్గరగా]

ఈ రాగి గీతలు చూడండి. తిన్నగా వెళ్తే ఎప్పుడో చేరిపోయేవి, జంతికల్లా మెలికలు తిరుగుతున్నాయి. ఇది సింగారం కాదు. పక్కనున్న పొడుగు గీతతో పాటే చేరాలని పొట్టి గీతను కావాలని చుట్టు తిప్పారు.

డీడీఆర్4 మెమరీలో 8 బిట్లు ఎనిమిది గీతల మీద పక్కపక్కనే బయలుదేరతాయి. వాటిని ఏ క్షణంలో చదవాలో చెప్పడానికి స్ట్రోబ్ అనే సిగ్నలు తోడు వెళ్తుంది. 3200 రకం మెమరీలో ఒక్కో బిట్టుకు దక్కే సమయం 312.5 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు). మామూలు ఎఫ్ఆర్-4 (గాజు నార, ఎపాక్సీతో చేసిన) బోర్డు లోపలి పొరలో సిగ్నలు 1 సెంటీమీటరు దాటడానికి సుమారు 70 పికోసెకన్లు పడుతుంది. అంటే గీత పొడవులో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే బిట్టు సమయంలో ఐదో వంతుకు పైగా పోయినట్టే. మెమరీని నడిపే కంట్రోలరు ఆన్ అయ్యేటప్పుడు కొంత సర్దుకుంటుంది, కానీ భారమంతా దాని మీద వేయడం నాకు నచ్చదు.

సరే, పొడవులు సమానం చేశాం. బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ అంతా సరిగ్గా ఉందని పచ్చరంగు చూపించింది. పని అయిపోయిందా?

[తెర మీద: ఒకే ఒక్క మెలిక. ఎడమ గీత పైకి, కుడి గీత కిందికి]

గుడి దగ్గర కమ్మీల మధ్య మెలికలు తిరిగే క్యూ గుర్తుందా? బుద్ధిమంతులు మలుపు దాకా నడిచి తిరిగి వస్తారు. ఒకరిద్దరు కమ్మీ కింద నుంచి దూరి పక్క వరుసలో తేలతారు. సిగ్నలు కూడా అదే చేస్తుంది.

ఎడమ గీతలోకి సిగ్నలు అడుగుపెట్టగానే దాని విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం పక్క గీతను తాకుతాయి. అక్కడ పుట్టిన చిన్న అల వెనక్కి, అంటే కుడి గీతలో కిందికి పోతుంది. మన సిగ్నలు చివరకు పోవలసిన దిక్కు కూడా అదే! అసలు సిగ్నలు ఇంకా పైకి ఎక్కుతుండగానే దాని తునక గమ్యం వైపు సాగిపోతుంది. మెలికలు వరుసగా ఉంటే ఈ తునకలు ఒకదానికొకటి తోడై, అసలు అంచు (సిగ్నలు నిటారుగా లేచే చోటు) కంటే ముందే వోల్టేజీని కొంచెం పైకి లేపుతాయి. గీత పొడవును బట్టి లెక్క వేసుకున్న సమయం కంటే సిగ్నలు ముందే చేరినట్టు కనిపిస్తుంది.

[తెర మీద: రెండు తరంగ రూపాలు. ఒకటి నిటారుగా లేస్తుంది, రెండోదానికి ముందు చిన్న గట్టు]

ఆ గట్టే మనం పట్టుకోవలసిన దొంగ. స్కేలుతో కొలిస్తే దొరకదు, సిమ్యులేషన్లో దొరుకుతుంది.

మెలికలోని ఈ ఎడమ, కుడి గీతలను కాళ్లు అందాం. కాళ్లు పొడుగైన కొద్దీ తునక అంత ముందుగా వస్తుంది. వాటి మధ్య సందు ఇరుకైన కొద్దీ అంత పెద్దదవుతుంది. అందుకే కింది గ్రౌండ్ పొర (సున్నా వోల్టేజీ ఉండే రాగి పొర) గీతకు ఎంత దూరంలో ఉందో, దానికి మూడు నాలుగు రెట్లు సందు వదలడం వాడుక. గ్రౌండ్ 0.1 మిల్లీమీటరు కింద ఉంటే సందు 0.3 నుంచి 0.4 దాకా. చోటు లేదని సందు నొక్కేసి మరో రెండు మెలికలు చేర్చే అలవాటు చాలామందికి ఉంది. పొడవు పెరుగుతుంది కానీ అనుకున్నంత ఆలస్యం రాదు.

ఇంకో చిక్కు: బోర్డు పై పొరలో క్షేత్రం కొంత గాలిలో ఉంటుంది కాబట్టి సిగ్నలు కాస్త వేగంగా పోతుంది. ఒక గీత పైన, దాని జత లోపల ఉంటే మిల్లీమీటర్లు కాదు, పికోసెకన్లు సరిపోల్చాలి.

[తెర మీద: అదే మెలిక, సందు పెంచి, కాళ్లు కుదించి. తరంగ రూపంలో గట్టు దాదాపు కనిపించదు. బోర్డు మీద మెలిక ఆక్రమించిన చోటు మాత్రం బాగా పెరిగింది]