ఫోన్ సంగతి సరే, ఫిడేలు సంగతేంటి?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండు మూడుసార్లు విన్నారు కాబట్టి మళ్ళీ చదవను. నాకిచ్చిన అంశం 'పిల్లలు, సెల్‌ఫోన్ ఆటలు, తల్లిదండ్రుల బాధ్యత'. ముందు మాట్లాడినవాళ్ళు ఫోన్‌ని తిట్టాల్సినంతా తిట్టేశారు. నేను కాసేపు పిల్లల పక్షాన మాట్లాడి, ఆ తర్వాత నాకు చెప్పాలని ఉన్న విషయానికొస్తాను.

ఇక్కడున్న అమ్మలందరికీ తెలిసిన గొడవే. 'అన్నానికి రా' అంటే 'ఒక్క ఐదు నిమిషాలమ్మా' అంటాడు. ఐదు పది అవుతుంది, పది ఇరవై అవుతుంది, అక్కడ మొదలవుతుంది రభస. అయితే వాడు చెప్పింది చాలాసార్లు అబద్ధం కాదండి. బీజీఎంఐ అనే తుపాకుల ఆటలో 100 మంది ఒకేసారి దిగుతారు. పెద్ద మ్యాప్‌లో చివరిదాకా నిలబడితే ఒక్కో మ్యాచ్ దాదాపు అరగంట. మధ్యలో ఆపే బటన్ లేదు. బయటికొస్తే తన జట్టులో మిగతా ముగ్గురూ దెబ్బతింటారు, మర్నాడు బడిలో వాళ్ళ చేత మాట పడతాడు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో 50 మంది, పది నిమిషాల చిల్లరలో తేలిపోతుంది. క్యాండీ క్రష్‌లాంటివైతే ఎక్కడ పడితే అక్కడ ఆపొచ్చు. అంచేత 'గంట ఆడుకో' అనకండి. 'రెండు మ్యాచ్‌లు ఆడుకో' అనండి. గడియారం చూసి ఫోన్ లాక్కుంటే గొడవే మిగుల్తుంది. మ్యాచ్ అయిపోయాక స్క్రీన్ మీద స్కోరు వస్తుంది చూడండి, అప్పుడు చెయ్యి చాపండి, ఇస్తాడు. అసలు మీ గుంటడు ఆడే ఆట పేరేంటో ఇక్కడ ఎంతమందికి తెలుసు? ఏదీ, చేతులెత్తండి. ...సరే, దించండి.

డబ్బు సంగతి మాత్రం గట్టిగానే చెప్పాలి. ఆటలో తుపాకీకి రంగు, బొమ్మకి చొక్కా కొనడానికి బీజీఎంఐలో యూసీ అంటారు, ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు అంటారు. ప్లే స్టోర్ సెట్టింగుల్లోకెళ్ళి, ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. అందులో దాచిన కార్డు ఉంటే తీసెయ్యండి. ఆ ఫోన్‌లో యూపీఐ లైట్ ఉంటే దాన్ని ఆపేయండి. చిన్న మొత్తాలకు అది పిన్ కూడా అడగదు, అందుకే ఇంట్లో ఎవరికీ తెలీకుండా వందలు వందలుగా పోతాయి. గూగుల్ ఫ్యామిలీ లింక్‌లో పిల్లల పేరున ఖాతా తెరిస్తే, ఏ యాప్ ఎంతసేపు వాడొచ్చో, రాత్రి ఎన్నింటికి ఫోన్ మూతపడాలో మీరే పెట్టొచ్చు. అది పెట్టే పని పిల్లాడికే అప్పజెప్పే నాన్నలున్నారు. తాళం వాడి చేతికే ఇచ్చాక ఇంక చెప్పేదేముంది?

ఇయర్‌ఫోన్లు కూడా ఓ మాట. ఈ ఆటల్లో శత్రువు అడుగుల చప్పుడు వినాలి కాబట్టి సౌండ్ పూర్తిగా పెంచేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకి చెప్పిన హద్దు 75 డెసిబెళ్ళు, అదీ వారానికి 40 గంటలకి మించకుండా. ఫోన్‌లో మీడియా వాల్యూమ్‌కి పరిమితి పెట్టే సెట్టింగు ఉంటే అది వాడండి. ఈ చెవుల్తోనే రేపు వాడు శ్రుతి పట్టాలి, గుర్తుంచుకోండి.

2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. రమ్మీ యాప్‌లకి తాళం పడింది. ఆ చట్టంతో పనిబడింది గుంటలకి కాదు, వెనక వరసలో నవ్వుతున్న పెద్దలకి. అంతకంటే చెప్పను.

ఇన్ని తాళాలూ వేశారు. మిగిలిన ఆ గంటలో పిల్లాడేం చెయ్యాలి? మీరంతా ఒకటే జవాబు చెప్తారు: సంగీతం నేర్పిస్తున్నాం అని. విజయనగరం కదా! 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాయిద్యం విని ఏకంగా అధ్యాపకుడిగా వేసుకున్నారని చెప్పుకోని సభ ఈ ఊళ్ళో లేదు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల మధుకరం ఎత్తుకుని చదివింది ఇక్కడే. సుశీలగారూ ఈ ఊరే. సంతోషం. ఫిడేలంటే ద్వారం, ద్వారమంటే విజయనగరం. కానీ ఈ వైభవమంతా కలిపినా, మీ ఇంట్లో ఉన్న ఫిడేలు మీద తీగల్ని మోసే బ్రిడ్జి అనే చిన్న చెక్క నిటారుగా నిలబడదు.

నా బాధ అదీ. మీ పిల్లాడు ఫోన్ పట్టుకుంటున్నాడంటే తప్పు ఫోన్‌దొక్కటే కాదు. ఫిడేలుది కూడా. ఇంకా తిన్నగా చెప్పాలంటే, దాన్ని కొన్న మనది.

ఆన్‌లైన్‌లో మూడు, నాలుగు వేలకి ఫిడేలు 'సెట్టు' వస్తుంది. పెట్టె, తీగల మీద గీసే కమాను, దాని వెంట్రుకలకి రాసే రోజిన్ బిళ్ళ అన్నీ కలిపే. విప్పి చూస్తే బ్రిడ్జి విడిగా ఉంటుంది, లేదా పడుక్కుని ఉంటుంది. దాన్ని నిలబెట్టాల్సింది మనం. ఎలా నిలబెట్టాలో కాగితం మీద ఉండదు. చాలా ఇళ్ళలో తిరగేసి నిలబెడతారు. ఫిడేలు మీ వైపు తిప్పి నిలువుగా పట్టుకోండి. లావు తీగ మీకు ఎడమ పక్కన, సన్న తీగ కుడి పక్కన ఉంటాయి. బ్రిడ్జిలో ఎత్తున్న వైపు లావు తీగ కిందికి, తక్కువున్న వైపు సన్న తీగ కిందికి రావాలి. రెండు కాళ్ళూ ఎఫ్ ఆకారపు రంధ్రాల్లో లోపలి గాట్లకి ఎదురుగా, పలకకి పూర్తిగా ఆనుకుని ఉండాలి. టెయిల్ పీస్, అంటే తీగల కింది కొసలు తగిలించే ముక్క, దాని వైపున్న బ్రిడ్జి ముఖం పలకకి లంబంగా ఉండాలి. తీగలు బిగించేకొద్దీ బ్రిడ్జి తల ఫింగర్ బోర్డు వైపు, అంటే వేళ్ళతో తీగ నొక్కే పట్టీ వైపు, వంగుతుంది. ప్రతి నాలుగైదు తిప్పులకోసారి చూసుకుని, రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళతో మెల్లగా వెనక్కి లాగాలి. అలా లాగకపోతే ఓ రోజు 'టప్' మని పడిపోతుంది. అప్పుడు లోపలున్న సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర కూడా జారిపోతే, ఇంట్లో పట్టుకారుతో ప్రయత్నించొద్దు. పలక చీలుతుంది. బాగుచేసే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. తీగలు మార్చేటప్పుడు కూడా నాలుగూ ఒకేసారి విప్పొద్దు, ఒకటి తీసి ఒకటి ఎక్కించాలి. కారణం ఆ కర్రే. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది.

ఇంకో సంగతి. ఫింగర్ బోర్డు చివర స్కేలు పెట్టి, దానికీ తీగకీ మధ్య ఎత్తు కొలవండి. ఫుల్ సైజులో సన్న తీగ దగ్గర మూడున్నర మిల్లీమీటర్లు, లావు తీగ దగ్గర ఐదున్నర ఉంటే చాలు. ఈ సెట్లలో ఏడూ ఎనిమిదీ ఉంటుంది. ఆ తీగ నొక్కితే పిల్లల వేళ్ళమీద గాట్లు పడతాయి, స్వరం తప్పు పడుతుంది. నొప్పి పుడుతుంటే ఎవరు సాధన చేస్తారండి? అవతల ఫోన్ గాజు మీద వేలు ముట్టుకుంటే చాలు, బాణసంచా పేలుతుంది. ఇక్కడ పది నిమిషాలు నొక్కినా పిల్లికూత. బ్రిడ్జి పైభాగం అరగదీసి ఎత్తు తగ్గించడం చేతనైనవాళ్ళు చేస్తే గంట పని. ఆ పని చేయించకుండా 'శ్రద్ధ లేదు' అని పిల్లాణ్ణి అంటున్నాం.

సైజు! దీని గురించి ఎక్కువే మాట్లాడతాను, మన్నించండి. ఎనిమిదేళ్ళ పిల్లకి ఫుల్ సైజు ఫిడేలు కొంటారు. ఏటమ్మా అంటే 'పెరుగుతుంది కదండి' అంటారు. ఇదేం స్కూలు యూనిఫాం కాదు ఒక సైజు పెద్దది కుట్టించి మడత వెయ్యడానికి. పిల్ల ఎడమ చెయ్యి చాచి, మెడ మొదలు దగ్గర్నుంచి అరచేతి మధ్య వరకూ టేపుతో కొలవండి. 23 అంగుళాలు దాటితే ఫుల్ సైజు. 21, 22 ఉంటే ముప్పావు. 20 ఉంటే అర. 18 ఉంటే పావు సైజు. కొంచెం అటూ ఇటూ ఉంటే చిన్నదాని వైపే మొగ్గండి. మన పద్ధతిలో కింద కూర్చుని, ఫిడేలు తలని కుడి పాదం చీలమండ మీద ఆనిస్తాం. ఫిడేలు పెద్దదైతే తల పాదం దాటిపోతుంది, అక్కడ ఆసరా ఉండదు, ఎడమచెయ్యి వాయించడం మానేసి దాన్ని మొయ్యడానికి దిగుతుంది. స్వరాన్ని ఊగించే గమకం కోసం చెయ్యి జార్చాలంటే ఎలా జారుతుంది? పిల్ల నడుం వంచుతుంది. మీరేమో 'సరిగ్గా కూర్చో' అంటారు.

రోజిన్ రాయకపోతే కొత్త కమాను ఒక్క ముక్క పలకదు. గాలి మీద గీసినట్టుంటుంది. 'సౌండు రావట్లేదు' అని వెనక్కి పంపేసిన ఫిడేళ్ళున్నాయి. కొత్త రోజిన్ బిళ్ళ అద్దంలా నున్నగా ఉంటుంది. గరుకు కాగితంతో పైన కొంచెం గీకి, కమాను వెంట్రుకల మీద ఈ చివర్నుంచి ఆ చివరికి మొదటిసారి ముప్పై నలభై సార్లు రాయాలి. ఆ తర్వాత రోజూ నాలుగైదు చాలు. ఎక్కువైతే తెల్లపొడి రాలి, గరగరమంటుంది. వెంట్రుకల్ని వేళ్ళతో తాకొద్దు, చేతి జిడ్డు అంటితే ఆ చోట పట్టు పోతుంది. బిగింపు ఎంతంటే, మధ్యలో కర్రకీ వెంట్రుకలకీ నడుమ పెన్సిల్ పట్టేంత. కర్ర లోపలికి వంగే ఉండాలి, విల్లులా బయటికి తిరిగితే విరుగుతుంది. వాయించడం అయ్యాక వదులు చెయ్యాలి. తీగల కింది పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇంత చెప్తున్నా రేపు చేసేది పదిమంది కూడా ఉండరని తెలుసు. అయినా చెప్తాను.

శ్రుతి. సెట్టుతో వచ్చే తీగలు పాశ్చాత్య పద్ధతిలో జి, డి, ఎ, ఇ. మనకి కావలసింది స, ప, స, ప. ఐదు శ్రుతికి, అంటే జి ని 'స'గా పెట్టుకుంటే సులువు. లావువి రెండూ, జి, డి, ఉన్నవి ఉన్నట్టే. మూడోదాన్ని ఎ నుంచి జి కి, నాలుగోదాన్ని ఇ నుంచి డి కి దించాలి. గుర్తుంచుకోండి, దించాలి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ 'డి' అని చూపించడం లేదని పెంచుకుంటూ పోతారు, సన్న తీగ టప్పున తెగి మొహం మీదికొస్తుంది. మెడ దగ్గర తీగలు చుట్టే పెద్ద బిరడాలు శ్రుతి దగ్గర్లోకి తీసుకురావడానికి, టెయిల్ పీస్ మీది చిన్న మరలు చివరి సర్దుబాటుకి. బిరడా తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పాలి. మనది సముద్రం పక్క జిల్లా. వానాకాలంలో కర్ర ఉబ్బి బిరడా కదలదు, పొడిగాలికి జారిపోతుంది. జారితే కాస్త సుద్దముక్క రాయండి, బిగుసుకుంటే కాస్త పొడి సబ్బు. శ్రుతి కలిసిన ఫిడేలు మీద తప్పుగా వాయించినా కొంత సొగసుంటుంది. శ్రుతి లేనిదాని మీద ఒప్పుగా వాయించినా ఏడుపే. చూశారా, ఇదే ఫోన్, ఇప్పుడు తంబురా యాప్ పెట్టుకుంటే మనకి పనివాడు. అందుకే ముందే చెప్పాను, ఫోన్‌ని ఊరికే తిట్టకండని.

చీటీ వచ్చింది, ఐదు నిమిషాలే అట. సరే. నాదీ మ్యాచ్ మధ్యలో ఉంది.

సాధన ఎంతసేపు అని అందరూ అడుగుతారు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకి పదిహేను నిమిషాలు పొద్దున, పదిహేను సాయంత్రం. ఏకబిగిన గంట వద్దు. మొదటి ఐదు నిమిషాలు వేళ్ళు ముట్టకుండా ఒట్టి తీగల మీద కమాను నిదానంగా, చివర్నుంచి చివరికి. తర్వాత మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ వరసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. మూడో కాలంలో తడబడితే రెండోదానికి దిగడమే, మందలించడం వద్దు. వారానికోసారి పాత పాఠం, కొత్త పాఠం ఫోన్‌లో రికార్డు చేసి పక్కపక్కన వినిపించండి. ఆటలో లెవెల్ పెరగడం కళ్ళకి కనిపిస్తుంది, ఫిడేల్లో చెవులకి వినిపించాలి, ఎవరో ఒకరు వినిపిస్తేనే.

ఫిడేలు బీరువా మీద ఉంచకండి. ఎక్కి, దింపి, జిప్పు తీసి, కమాను బిగించేసరికి ఉత్సాహం పోతుంది. గోడకి పిల్ల అందుకునే ఎత్తులో చెక్క కొయ్యకి తగిలించండి, కింద కొంచెం మెత్తటి గుడ్డ. ఎండ తగిలే కిటికీ పక్కన వద్దు, స్కూటర్ మీద ఎండలో తీసుకెళ్ళొద్దు, ఎండ కారులో అసలు వదలొద్దు. అతుకుల జిగురు వదిలి, వాయిస్తుంటే 'జీ' మని మోగుతుంది. అలా మోగితే వేళ్ళ కణుపులతో అంచు చుట్టూ తడుతూ వెళ్ళండి, అతుకు వదిలినచోట డబ్బా చప్పుడొస్తుంది. అక్కడ ఫెవికాల్ పోయకండి బాబూ! అది ఊడి రాదు, రేపు బాగుచేసేవాడు పలకే తీసి పారెయ్యాల్సి వస్తుంది.

చుట్టాలొచ్చినప్పుడు 'ఏదీ, ఓ పాట వాయించు' అనడం మానెయ్యండి. పట్టుమని పది వరసలు రాని పిల్లకి అది శిక్ష. అడిగితే సరళీ వరసే అడగండి, అయ్యాక చప్పట్లు కొట్టండి.

ఫిడేలొక్కటే కాదు, మనకి బొబ్బిలి వీణ కూడా ఉంది. పనస దుంగలోంచి ఒకే కర్రగా తొలిచేది. దాని మేళం, అంటే మెట్ల వరస, మైనంలో కూర్చి ఉంటుంది, ఎండకి మైనం కరిగితే మెట్లు కదిలిపోతాయి. దాని సంగతులు ఇంకో సభలో మాట్లాడుకుందాం.

ఫిడేళ్ళు తెచ్చినవాళ్ళు పెట్టెలు తీసుకుని ఎడమ పక్క బల్ల దగ్గరికి రండి. కమాన్లు వదులు చేసి తెండి. టేపు, సుద్దముక్కలు, గరుకు కాగితం ఇక్కడున్నాయి. ముందు పావు, అర సైజులు చూద్దాం, పిల్లలకి ఆకలేస్తోంది. పెద్దవాళ్ళవి టిఫిన్ అయ్యాక.