స్క్రూడ్రైవర్ మొన మీద కారు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించమని నిర్వాహకులు చీటీ ఇచ్చారు. కళ్లజోడు ఇంట్లో మరిచాను, మన్నించాలి. అనంతపురంలో రిమోట్ కార్ల పందెం పెట్టి, పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు పనిచేసిన నన్ను పిలిచి, మోటార్ల గురించి మాట్లాడమన్నారు. నేను బరువు గురించే మాట్లాడతాను.

ఇందాక సాధన చూశాను. ఆ నీలం కారు ఎడమ మలుపులో గుంజకు కట్టినట్టు తిరుగుతోంది, కుడి మలుపులో గోడ దాకా జారుతోంది. కుర్రవాడు స్ప్రింగులు మార్చాడు. తరువాత టైర్లు. బాబూ, ఒక్కసారైనా తూచావా?

అసలు కారులో పదో వంతు సైజుండే టూరింగ్ కారు వెడల్పు 190 మిల్లీమీటర్లు, బరువు సుమారు 1,350 గ్రాములు. ఒక పక్క బ్యాటరీ, రెండో పక్క మోటారు. ఇదిగో, చాసిస్ అంటే కారు అడుగు పలక, దాని నడిమి గీత మీద ముందొక స్క్రూడ్రైవర్ మొన, వెనక ఒకటి పెట్టి ఎత్తుతున్నాను. బ్యాటరీ వైపు ఒరిగింది, చూశారా? మోటారు పక్కన 5 గ్రాముల సీసం బిళ్ల. ఇంకొకటి. నిలబడింది. ఇవే బిళ్లలను నడిమి గీతకు 20 మిల్లీమీటర్ల దూరాన అంటిస్తే 20 గ్రాములు కావాలి, 40 దగ్గర 10 చాలు.

ఈ లెక్క నాకు వర్క్‌షాపులో తెలిసింది కాదు. మా నాన్న బండికి మూటలెత్తాక నొగ చివర రెండు వేళ్లతో ఎత్తి చూసేవాడు. కొద్దిగా బరువు తగలాలి. ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది, తక్కువైతే కాడి పైకి లేస్తుంది. నాకు పదేళ్లప్పుడు వ్యాపారి మనుషులు మా కళ్లంలో వేరుశనగ మూటలు ఎత్తారు. వెనక బరువెక్కువైంది, రెండు మూటలు ముందుకు జరపండన్నాడు నాన్న. లెక్క తప్పుతుందని గుమస్తా ఒప్పుకోలేదు. మిట్ట ఎక్కుతుంటే కాడి లేచి, మెడతాడు బిగుసుకుని, వలపటి ఎద్దు నాలుక బయటపెట్టి కూలబడింది. బతికింది కానీ మళ్లీ ఏనాడూ కాడికి మెడ ఇవ్వలేదు. గుమస్తా లెక్క మాత్రం మూటతో సహా సరిపోయింది.

ఏం చెబుతున్నాను? నీలం కారు. పక్కల బరువు సరిపోతే పని అయిపోయినట్టు కాదు, మూలల బరువు, అంటే ఒక్కో చక్రం మీద పడే బరువు కూడా చూడాలి. చదునైన గాజు పలక మీద కారు పెట్టి, వెనక భాగాన్ని సరిగ్గా మధ్యలో మెల్లగా ఎత్తండి. రెండు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఒకటి ముందు లేస్తే చాసిస్ మెలిపడి ఉంటుంది, లేదా యాంటీ రోల్ బార్, అంటే మలుపులో కారు ఒరిగిపోకుండా ఆపే కడ్డీ, ఒక పక్క లాగుతూ ఉంటుంది. చాసిస్ మీద బిగించే పై పలక స్క్రూలు వదులుచేసి, గాజు మీదే మళ్లీ బిగించండి. ఆ తరువాతే స్ప్రింగుల మాట. వెనక స్ప్రింగు గట్టిదైతే వెనక జారుతుంది, ముందుది గట్టిదైతే కారు మలుపు తిరగనంటుంది. ఇది మీకు తెలుసు. తెలియనిది తూచడమే.

నాలుగు చక్రాల కింద పెట్టడానికి నాలుగు కాటాలు తెచ్చాను. ఒకటి మా ఇంటి వంటగదిది, సాయంత్రంలోగా ఇవ్వాలి. నీలం కారు బాబూ, ముందు నువ్వే రా. బ్యాటరీ తీయకు, బాడీ కూడా తొడిగి తీసుకురా.