మా పెరటికొచ్చే ఆరు గంటల పిట్ట

శ్రోతలకు నమస్కారం.

చెన్నై అడయారులో మాది పాతకాలపు ఇల్లు. వెనక కాస్త పెరడు ఉంది. అందులో ఒక మామిడిచెట్టు, కరివేపాకు, బావి పక్కన అరటి పిలకలు. ఉగాది దగ్గర పడుతుండగానే మామిడి మీద కోకిల మొదలుపెడుతుంది. గొంతెత్తి కూసేది నల్లటి మగది. ఒళ్లంతా తెల్లచుక్కలున్న ఆడది కాకి గూడు కోసం వెతుకుతూ ఉంటుంది. ఎండలు ముదిరాక మట్టి మూకుడులో నీళ్లు పెడితే గోరింకలు, పిగిలిపిట్టలు, ఉడుతలు వస్తాయి. 2016 డిసెంబరులో వర్దా తుపానుకు మా వేపచెట్టు కూలిపోయాక వడ్రంగిపిట్ట మాత్రం మళ్లీ కనబడలేదు. ఆ లోటు నాకింకా తీరలేదు.

ఏడాదంతా నేను ఎదురుచూసేది మాత్రం అక్టోబరు కోసం.

నాలుగేళ్ల కిందట ఒక తెల్లవారుజామున అత్తయ్యగారు, "అమ్మాయ్, బావి దగ్గర చిలక పడి ఉంది, ఎగరలేకపోతోంది చూడు" అని పిలిచారు. వెళ్లి చూస్తే చిలక కాదు, పొన్నంగి పిట్ట! ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్లటి చార, రెక్కల మీద మెరిసే నీలం, పొట్ట కింద ఎరుపు, ఉందా లేదా అన్నంత పొట్టి తోక. హిమాలయాల దిగువ అడవుల్లోనూ, మధ్య భారతంలోనూ పిల్లల్ని పెంచుకుని, చలికాలానికి ఇటు దక్షిణాదికీ శ్రీలంకకూ వస్తుంది. అంత దూరం ఎగిరొచ్చి అలసి ఇలా వాలిపోతుంది. అప్పటికే గోడ మీద కాకులు చేరాయి. నాకు ఒకటే టెన్షన్. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో దాన్ని ఉంచి, చీకటి గదిలో కదిలించకుండా వదిలేశాం. ఇలాంటప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరాడక చచ్చిపోవచ్చు. సాయంత్రం పెట్టె తెరవగానే తుర్రుమని అరటి చాటుకు వెళ్లింది.

1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ పక్షుల ప్రజాతికి పేరు పెట్టినప్పుడు మన తెలుగు 'పిట్ట' మాటనే తీసుకున్నాడు. ఆఫ్రికాలో ఉన్నా, ఆస్ట్రేలియాలో ఉన్నా ఈ కుటుంబం పక్షులన్నీ పిట్టలే. ఆ సంగతి చెబితే అత్తయ్యగారి కళ్లు మెరిశాయి.

తెల్లారేసరికి పెరడంతా అద్దంలా ఊడ్చే మనిషి ఆవిడ. బావి మూల ఎండుటాకులు మాత్రం ఉంచమని బతిమాలాను. ఈ పిట్టకు తిండి ఆ ఆకుల కిందే మరి. గెంతుతూ వచ్చి, ముక్కుతో ఒక్కో ఆకునూ పక్కకు విసిరి, కింద దాగిన పురుగుల్ని ఏరుకుంటుంది. మీ పెరట్లోనూ ఒక మూల ఆకులు వదిలేయండి, కాల్చకండి.

పొద్దున, సాయంత్రం మసక వెలుతురులో రెండు స్వరాల ఈల వేస్తుంది. అందుకే ఇక్కడి తమిళులు దాన్ని 'ఆరుమణి కురువి' అంటారు, అంటే ఆరు గంటల పిట్ట. నిరుడు ఆ ఈల మొదట విన్నది అత్తయ్యగారే. చీపురు గోడకు ఆనించి, "ష్..." అని నాకు సైగ చేశారు.