రోజుకో టర్ను: పసిఫిక్ యుద్ధాన్ని జపాన్ వైపు నుంచి ఆడితే

[తెర మీద: పసిఫిక్ మ్యాపు. ఎడమ చివర కరాచీ, కుడి చివర అమెరికా పడమటి తీరం. మెల్లగా జూమ్.]

నమస్తే. ఈ గేమ్‌లో మొదటి టర్ను పూర్తి చేయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఒక్క టర్నుకి! పైగా ఆ టర్నులో గడిచేది ఒకే ఒక్క రోజు, 1941 డిసెంబరు 7.

గేమ్ పేరు వార్ ఇన్ ది పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్. 2004లో వచ్చిన గేమ్‌ని బాగా పెంచి, మళ్లీ సానబట్టి 2009లో మ్యాట్రిక్స్ గేమ్స్ విడుదల చేసింది. బొమ్మలు చూస్తే మాత్రం పాత బస్టాండులో బస్సుల టైమ్ బోర్డు గుర్తొస్తుంది. అన్నీ అంకెలే, అన్నీ పట్టికలే. మ్యాపు నిండా ఆరుపలకల గడులు, ఒక్కో గడి 40 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 74 కిలోమీటర్లు. ప్రతి ఓడకీ పేరుంటుంది, ప్రతి పైలట్‌కీ పేరుంటుంది. జపాన్ 1945 సెప్టెంబరు 2న లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది కదా, అంతదాకా రోజుకో టర్ను లెక్కన ఆడితే 1,365 టర్నులు అవుతాయి.

[తెర మీద: మెయిల్ ఇన్‌బాక్స్. ఒకే సబ్జెక్టుతో వందల మెయిళ్లు.]

నేను జపాన్. అవతల అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, అందరూ కలిపి మా బావ. న్యూజెర్సీలో ఉంటాడు. నా ఆర్డర్లు పెట్టి ఫైలు పంపుతాను. పిల్లలు పడుకున్నాక తన ఆర్డర్లు పెట్టి తిరిగి పంపుతాడు. పొద్దున టీ తాగుతూ దాన్ని తెరిస్తే ఆ రోజు యుద్ధం నా కంప్యూటర్‌లో నడుస్తుంది. మునిగింది ఎవరి ఓడో ముందు నాకే తెలుస్తుంది. ఆ తర్వాత రీప్లే బావకి పంపాలి. "ఏరా, పంపావా లేదా?" అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిందంటే రెండు రోజులుగా నేను ఆడలేదని అర్థం. ఇలా నాలుగేళ్లయింది. గేమ్‌లో మేమింకా 1943 నవంబరులోనే ఉన్నాం.

చూసినవాళ్లంతా ఒకటే అడుగుతారు, జపాన్ ఎలాగూ ఓడిపోతుంది కదా, మరి ఎందుకు ఆడటం అని. గేమ్‌లో గెలుపుకి ఒక దారుంది. 1943 జనవరి 1 తర్వాత జపాన్ పాయింట్లు అవతలివాళ్ల పాయింట్లకి నాలుగు రెట్లు ఉంటే ఆట అక్కడితో ముగుస్తుంది, జపాన్ గెలిచినట్టే. నాకు రెండు రెట్లు దాటలేదు. అప్పట్నుంచి నేను ఆడుతున్నది ఒకే లెక్క కోసం: ఎంత ఆలస్యంగా ఓడిపోతాను?

[తెర మీద: సుమత్రా దీవి మీదకి జూమ్. పాలెంబాంగ్ చుట్టూ ఎర్ర వృత్తం.]

ఆ లెక్క ఇక్కడ మొదలవుతుంది. పాలెంబాంగ్, నూనె బావుల ఊరు. యుద్ధానికి ముందు జపాన్ వాడే నూనెలో అయిదింట నాలుగు వంతులు అమెరికా నుంచే వచ్చేది. 1941 ఆగస్టులో అమెరికా ఆ కుళాయి కట్టేసింది. నూనె ఉన్నదేమో డచ్చివాళ్ల చేతిలోని దీవుల్లో, బోర్నియోలో, సుమత్రాలో. 1942 ఫిబ్రవరి 14న జపాన్ పారాట్రూపర్లు పాలెంబాంగ్ మీద దిగింది అందుకే. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ అనే అమెరికా నౌకాస్థావరం మీద చేసిన దాడి కూడా, ఒక రకంగా చూస్తే, ఈ నూనె దారికి అమెరికా నౌకాదళం అడ్డు రాకుండా చేసిన ఏర్పాటే.

గేమ్‌లో ఊరు పట్టుకోగానే పని అయిపోదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. నూనె పాలెంబాంగ్‌లో ఉంది, ఫ్యాక్టరీలు జపాన్‌లో ఉన్నాయి. మధ్యలో సముద్రం.

[తెర మీద: కాన్వాయ్ పట్టిక. కర్సర్ ఒక్కో వరస మీద ఆగుతూ కిందికి.]

ఒక కాన్వాయ్, అంటే కాపలాతో కలిసి వెళ్లే ఓడల గుంపు, కడదాం, చూడండి. ఆరు ట్యాంకర్లు తీసుకున్నాను. వీటిలో ఒకటి పాతది, వేగం తక్కువ. గుంపులో అది ఉంటే మిగతా అయిదూ దాని నడకే నడవాలి. తీసేశాను. ఇక కాపలా. డిస్ట్రాయర్లు, అంటే వేగంగా పోయే చిన్న యుద్ధనౌకలు కావాలి, కానీ అవి విమానవాహక నౌకల వెంట ఉన్నాయి. చిన్న ఎస్కార్టు ఓడలు రెండు దొరికాయి. దారి నేనే గీయాలి. వదిలేస్తే కంప్యూటర్ అడ్డదారిన సముద్రం మధ్యలోంచి తీసుకెళ్తుంది, అక్కడ బావ సబ్‌మెరైన్లు కాపు కాసి ఉంటాయి. అందుకని తీరం వెంబడే, నా గస్తీ విమానాల నీడలో. నింపుకోవడానికి కొన్ని రోజులు, రావడానికి కొన్ని, దింపడానికి మళ్లీ కొన్ని. పోను రాను దాదాపు నెల. ఇలాంటి కాన్వాయ్‌లు ఇప్పుడు నాకు పంతొమ్మిది నడుస్తున్నాయి.

నూనె ఇంధనమవుతుంది. ఆ ఇంధనం కొంత ఓడలు తాగుతాయి, కొంత భారీ పరిశ్రమ తాగుతుంది. పరిశ్రమ నడిస్తేనే కొత్త విమానం, కొత్త ఓడ. అంటే యుద్ధనౌకల్ని ఫుల్ స్పీడులో పంపిన ప్రతిసారీ రేపు తయారవ్వాల్సిన విమానాల ఇంధనాన్ని తగలేస్తున్నట్టే. బావకి ఈ గొడవ లేదు. అమెరికా ఉత్పత్తిని గేమే చూసుకుంటుంది. చరిత్రలో ఏ ఓడ ఎప్పుడొచ్చిందో దాదాపు అప్పుడే వచ్చి అతని రేవులో నిలబడుతుంది. మొదటి ఎసెక్స్ తరగతి విమానవాహక నౌక 1942 డిసెంబరు 31న అమెరికా నౌకాదళంలో చేరింది. ఆ తరగతిలో మొత్తం 24 కట్టారు. నేనిక్కడ ట్యాంకర్లు లెక్కబెట్టుకుంటుంటే అక్కడ అవి ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి.

[తెర మీద: బంగాళాఖాతం. మద్రాసు నుంచి కలకత్తా వరకు తీరం.]

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. గేమ్‌లో 1942 ఏప్రిల్. బంగాళాఖాతంలోకి ఒక దళాన్ని పంపాను. నిజంగా కూడా ఆ నెలలో జపాన్ ఇదే పని చేసింది. ఏప్రిల్ 5న జపాన్ అడ్మిరల్ నగుమో విమానాలు కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద పడ్డాయి. ఇంకోపక్క మరో అడ్మిరల్ ఒజావా దళం మన తీరం వెంట వెళ్లే సరుకు ఓడల్ని వేటాడి కొద్ది రోజుల్లోనే 20కి పైగా ముంచింది. ఆ దళంలోని ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలే ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. విశాఖ రేవు మొదలై అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. జనం మూటాముల్లే కట్టుకుని పల్లెలకి తరలిపోయారు. మా అమ్మమ్మ తన వయసు లెక్క అలాగే చెప్పేది, "జపానువాడు బాంబేసిన ఏడాది నాకు పదో పదకొండో" అని.

ఆ మాట వింటూ పెరిగినవాణ్ని, ఇప్పుడు ర్యుజోకి ఆర్డర్లు ఇస్తున్నాను. మౌసు మచిలీపట్నం ఎదురుగా ఉన్న గడి మీద ఉంది. క్లిక్ చేయడానికి కాసేపు చెయ్యాడలేదు. తర్వాత ఆడింది, అది వేరే సంగతి.

బావ సరుకు ఓడలు ఏడు మునిగాయి. భలే సంబరపడ్డాను, స్క్రీన్‌షాట్లు కూడా పంపాను. బావ "సరే" అని ఒక్క మాట పెట్టాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. ఈ ముచ్చట కోసం పాలెంబాంగ్ దారిలో కాపలా కాసే ఎనిమిది డిస్ట్రాయర్లని లాక్కొచ్చాను. వాటికి దూరం పోయే ఓపిక తక్కువ, మాటిమాటికీ పెద్ద ఓడల నుంచి ఇంధనం పట్టాలి. వేట అయ్యేసరికి అందరి ట్యాంకులూ అడుగంటాయి. సింగపూర్ చేరి నింపుకునేసరికి అక్కడి నిల్వ కూడా అయిపోయింది. మూడు వారాలు ఆ దళం రేవులోనే కూర్చుంది. ఇంధనం మోయాల్సిన ట్యాంకర్లేమో కాపలా లేక పాలెంబాంగ్‌లో కూర్చున్నాయి. బావ మునిగిన ఏడు ఓడలకీ రెండో నెలకల్లా బదులు వచ్చేశాయి.

[తెర మీద: సబ్‌మెరైన్ దాడి యానిమేషన్. టార్పెడో ఓడకి తగులుతుంది, పేలదు.]

అప్పుడు నన్ను బతికించింది ఇదిగో, ఈ పేలని టార్పెడో. అమెరికా మార్క్ 14 టార్పెడోలు మొదటి రెండేళ్లూ సరిగా పనిచేయలేదు, గేమ్‌లోనూ అంతే. 1943 జులై 24న టినోసా అనే సబ్‌మెరైన్ కథ చూడండి. తోనన్ మారు నంబర్ 3 అని తిమింగలాల వేట ఓడ ఒకటి, యుద్ధంలో ట్యాంకరుగా వాడుతున్నారు. టినోసా దాన్ని కొట్టి కదలకుండా నిలబెట్టింది. ఇక నిలబడిపోయిన ఓడ మీదకి ఒకదాని తర్వాత ఒకటి టార్పెడోలు వదిలారు. తగిలినవి తగిలినట్టే పేలకుండా పోయాయి. మొత్తం 15 అయ్యాక, మిగిలిన ఒక్కటీ పరీక్షకి ఇద్దామని కెప్టెన్ దాన్ని పెర్ల్ హార్బర్‌కి తిరిగి పట్టుకెళ్లాడు. లోపం దొరికింది, ఆ ఏడాది చివరికి సరిచేశారు. యుద్ధం ముగిసేసరికి మునిగిన జపాన్ వాణిజ్య ఓడల్లో సగానికి పైగా సబ్‌మెరైన్ల ఖాతాలోవే.

నా గేమ్‌లో ఇప్పుడు సరిగ్గా ఆ మలుపే. మొన్నటిదాకా పది తగిలితే నాలుగో అయిదో పేలేవి. ఈ నెలలో మూడు ట్యాంకర్లు పోయాయి.

మీరూ మొదలుపెడదామంటే నేరుగా పెద్ద క్యాంపెయిన్‌లోకి, అంటే యుద్ధం మొత్తం ఆడే ఆటలోకి దూకకండి. ఇందులోనే గ్వాడల్‌కెనాల్, కోరల్ సీ లాంటి ఒక్కో పోరాటం మీద చిన్న సీనారియోలు ఉన్నాయి, వాటితో చెయ్యి తిప్పుకోండి. ఓడకి దెబ్బ తగిలితే పట్టికలో నాలుగు అంకెలుంటాయి: యంత్రాంగం, నీరు, ఇంజను, మంట. వాటిలో నీటి అంకె మీదే కన్నేయండి. ఓడని ఎక్కువగా ముంచేది అదే. పెద్ద క్యాంపెయిన్‌కి వచ్చాక ఒక నోటుబుక్ పెట్టుకోండి. నాది మూడోది నడుస్తోంది. ఏ ట్యాంకరు ఎక్కడుందో గేమ్ చెప్తుంది కానీ, దాన్ని అక్కడికి ఎందుకు పంపానో మూడు నెలల తర్వాత నాకే గుర్తుండదు.

[తెర మీద: కొత్త మెయిల్ వచ్చిన గుర్తు. ఫైలు తెరుచుకుంటుంది.]

బావ ఫైలు వచ్చింది. నాలుగో నంబరు కాన్వాయ్ ఈ రోజు ఫార్మోసా (ఇప్పటి తైవాన్) పక్కనుంచి దాటాలి. అయిదు ట్యాంకర్లు, రెండు ఎస్కార్టులు. రాత్రి భాగం నడుస్తోంది... సబ్‌మెరైన్ కనిపించింది. ఆగండి, సౌండ్ పెంచుతాను.