పొంగలిలో మిరియాలు ఏరి పక్కన పెడుతున్నారా?

(స్క్రీన్ మీద: ఖాళీ ప్లేటు, అంచున వరసగా మిరియాలు, అల్లం ముక్కలు)

ఈ ప్లేటు చూడండి. పొంగలి మొత్తం అయిపోయింది. అంచున 11 మిరియాలు, 4 అల్లం ముక్కలు మిగిలాయి. తిన్నాయన గంట తర్వాత, "పొద్దున్నే నెయ్యి బరువండీ, ఆయుర్వేదం వద్దంది కదా" అన్నారు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చే ఈ వీడియో చేస్తున్నాను. ఆయుర్వేదం నెయ్యి వద్దనలేదు. జఠరాగ్నిని, అంటే తిన్నది అరిగించే కడుపులోని నిప్పుని, పెంచేవాటిలో నేతికి పెద్దపీట వేసింది. ఆయన వదిలేసింది ఆ నేతికి తోడుగా ఉండాల్సినవాటిని.

కట్టెల పొయ్యి తలుచుకోండి. తెల్లారేసరికి బూడిద కింద కాస్త నిప్పు ఉంటుంది. దాని మీద పచ్చి మొద్దు పెడితే పొగే తప్ప మంట రాదు. చితుకులు వేసి, ఊదుగొట్టంతో ఊది, మంట అందుకున్నాక మొద్దు పెడతాం. పొద్దున్నే కడుపులో నిప్పూ అంతే. ఆయుర్వేదం చెప్పే వాత, పిత్త, కఫ దోషాల్లో పగటి మొదటి భాగం కఫానిది. బరువు, చల్లదనం, జిడ్డు దాని గుణాలు. నెయ్యి ఓడే పొంగలి మొద్దు అయితే మిరియం, అల్లం, జీలకర్ర ఊదుగొట్టం. కారపు రుచి కఫాన్ని తగ్గిస్తుంది. పాపం, ఆయన గొట్టం పక్కన పెట్టి పొగ వస్తోందంటున్నారు!

అయినా పొంగలి చిన్న మొద్దే, అందులో ఉన్నది పెసరపప్పు కాబట్టి. చరకుడి పాత ఆయుర్వేద గ్రంథం చరక సంహిత పప్పుల్లో పెసలను మేలైనవిగా చెప్పి, మినుములను అట్టడుగున పెట్టింది. ఆ మినుములు రుబ్బి నూనెలో వేయించిన గారె ఎంత మొద్దో చూడండి! దానికి అల్లం పచ్చడే సరైన జోడీ. కొబ్బరి పచ్చడి నాకు అస్సలు ఒప్పదు. కొబ్బరీ బరువే, చలవే. మొద్దు మీద మొద్దు.

ఊదుగొట్టం ఉంది కదా అని పొయ్యి నిండా మొద్దులు కుక్కకూడదు. బరువైనవి కడుపు నిండే దాంట్లో సగమో, మూడో వంతో తినమన్నాడు చరకుడు. నాలుగు గారెలకు కడుపు నిండే మనిషి రెండు దగ్గర ఆగాలి. ఎంత అల్లం నంజుకున్నా ఈ లెక్క మారదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. నెయ్యి తిన్నాక చల్లటి నీళ్లు కాదు, వేడినీళ్లు తాగాలి. తినే ముందు వచ్చే తేన్పులో రాత్రి కూర వాసన ఉంటే, నిన్నటి మొద్దు ఇంకా కాలుతోందని అర్థం. ఆకలేసేదాకా ఆగండి. పైత్యం, గుండెల్లో మంట ఉన్నవాళ్లు మిరియం తగ్గించి జీలకర్ర, ధనియాలు వాడుకోండి. చలికాలంలో అగ్ని బలంగా ఉంటుంది కాబట్టి బరువైనవి కాస్త ఎక్కువైనా అరుగుతాయి.

మిరియం పంటి కింద పడితే ఇబ్బందా? రోట్లో కచ్చాపచ్చాగా దంచి, నేతిలో వేయించి కలపండి. ఏరడానికి ఒక్కటీ దొరకదు.