కుకీ కూడా పాకం పనే

అందరికీ నమస్కారం.

మన విజయనగరంలో బేకరీకి వెళ్ళి కుకీ అడిగితే మందంగా ఉండి, కొరగ్గానే పొడిపొడిగా రాలేది ఇస్తారు. దానికి నేను వంక పెట్టను, టీలోకి అదే బాగుంటుంది. ఈరోజు చెప్పబోయేది వేరే రకం, చాక్లెట్ ముక్కలు వేసే చాక్లెట్ చిప్ కుకీ. పలచగా ఉంటుంది, అంచు కరకరలాడుతుంది, మధ్యలో సాగుతుంది. దీన్ని ఇంట్లో చేయబోయేవాళ్ళు ముందు మైదా మంచిదా కాదా అని టెన్షన్ పడతారు. నన్నడిగితే ఇందులో పిండి పెత్తనం తక్కువ, పాకం పెత్తనం ఎక్కువ. అరిసెలు వండిన చెయ్యి ఉంటే సగం విద్య వచ్చినట్టే.

పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పన్ను విరుగుతుంది. కుకీకి కూడా పాకం ఉంది, కాకపోతే అది ఓవెన్‌లో తయారవుతుంది. వేడికి వెన్నా పంచదారా కరిగి ముద్ద పరుచుకుంటుంది. నీరు ఆవిరైపోయేకొద్దీ లోపలి పాకం ముదురుతుంది. కాస్త తడి ఉండగానే తీస్తే సాగుతుంది. 2 నిమిషాలు ఏమరితే విరిగే బిస్కెట్టు అవుతుంది.

వట్టి పంచదార వేస్తే చల్లారాక మళ్ళీ పలుకు కడుతుంది, కుకీ గట్టిపడుతుంది. అందుకే అమెరికా వాళ్ళు బ్రౌన్ షుగర్ కలుపుతారు. అంటే మొలాసిస్, అదే చెరకు మడ్డి, ఉన్న పంచదార. మనకి పక్కనే అనకాపల్లి బెల్లం ఉండగా దాన్ని అంత ధర పెట్టి కొనడమెందుకు? బెల్లంలో కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. అవి పంచదారని పలుకు కట్టనివ్వవు, తేమని పట్టి ఉంచుతాయి. బెల్లాన్ని మాత్రం సన్నగా తురిమి గోరువెచ్చటి వెన్నలో కలిపెయ్యాలి. గడ్డలు మిగిలితే అక్కడ మాడుతుంది. నల్లబెల్లం వాసన నాకిష్టం, మా ఇంట్లో మిగతావాళ్ళకి కాదు.

మనవాళ్ళకి వెన్న అనగానే నెయ్యి గుర్తొస్తుంది. నెయ్యి వద్దండి. దుకాణంలో దొరికే వెన్నలో 80 శాతం కొవ్వు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు. ఆ నీరు మైదాతో కలిస్తేనే సాగే గుణం వస్తుంది. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు కాబట్టి పొడిపొడిగా రాలే నాన్‌ఖటాయి తయారవుతుంది. ఈ చాక్లెట్ చిప్ కుకీని 1930లలో అమెరికాలో మసాచుసెట్స్‌లోని విట్మన్‌లో, టోల్ హౌస్ ఇన్ అనే సత్రం నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ తయారుచేశారు. ఆ పద్ధతిలో మెత్తటి వెన్నని పంచదారతో గిలకొడతారు. దానివల్ల గాలి చేరి కుకీ పొంగుతుంది. మనకి పలచగా కావాలి కాబట్టి వెన్న కరిగించాలి. ఆ పద్ధతి చెప్పే వంటపుస్తకాల్లో గది వేడిమికి వచ్చిన వెన్న అంటే సుమారు 20 డిగ్రీలు. మే నెలలో మన వంటింట్లో ఆ మాట చెల్లదు, ప్యాకెట్టు విప్పేలోపే నూనె అవుతుంది. కరిగించే పద్ధతికి ఆ గొడవ లేదు.

కొలతలు రాసుకోండి. ఉప్పు వెన్న 100 గ్రాముల ప్యాకెట్టు ఒకటి, పంచదార 70, బెల్లం తురుము 90, మైదా 120 గ్రాములు, గుడ్డు ఒకటి, వంటసోడా అర చిన్న చెంచా. ఇంక వేరే ఉప్పు వెయ్యక్కర్లేదు. సోడా వల్ల ముద్ద గట్టిపడటం కాస్త ఆలస్యమవుతుంది, పరుచుకోడానికి వ్యవధి దొరుకుతుంది, రంగు కూడా వస్తుంది. దాని బదులు బేకింగ్ పౌడర్ వేస్తే పొంగుతుంది. చాక్లెట్ బార్ కొని కత్తితో తరగండి. పలాస జీడిపప్పు వేస్తే ముక్కలే కొనండి, ఎలాగూ ముక్కలు చేసేదానికి గుండుపప్పు ధర దండగ. కలిపిన ముద్దని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలంలో ఇది మానితే ట్రే నిండా ఒకటే కుకీ వస్తుంది.

ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, దాని మీద 170 డిగ్రీలని తిప్పినంత మాత్రాన లోపల 170 ఉండదు. ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనండి, ఖరీదైన చాక్లెట్ కన్నా అది ముఖ్యం. ముద్దలు దూరదూరంగా పెట్టి, ఒక్కసారికి ఒక్క ట్రేయే పెట్టండి. పది నిమిషాలు కాగానే చూడండి. అంచు ఎర్రబడి, మధ్య ఇంకా పచ్చిగా, ఉబ్బుగా కనిపిస్తుంది. అప్పుడే తియ్యాలి. ట్రేని గట్టు మీద ఒకసారి తట్టితే ఉబ్బు దిగి పలచబడుతుంది. వెంటనే ఎత్తబోతే విరుగుతుంది, ట్రే వేడికే మిగతాది ఉడుకుతుంది.

వానాకాలంలో బెల్లం గాలిలోని తేమ లాగేస్తుంది, రెండో రోజుకే అంచు మెత్తబడుతుంది. స్టీలు డబ్బా మూత బిగుతుగా ఉన్నా కొంత తప్పదు. ముద్దని ఫ్రీజర్‌లో ఉండలుగా దాచుకుని, ఏ పూటకాపూట కాల్చుకోవడం మేలు.

గుడ్డు తినని ఇళ్ళవారు గుడ్డు బదులు మూడు పెద్ద చెంచాల కండెన్స్‌డ్ మిల్క్ వేసి, పంచదార 50కి తగ్గించండి. సాగడం కొంచెం తగ్గుతుంది, అయినా తినబుద్ధి వేస్తుంది. ఇక మీరు అడగండి.