సెలూన్ గడప దగ్గర మొహం చూసి పెట్టే బొట్టు
(జాతీయ వినియోగదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఏటా డిసెంబరు 24న మనం తూకాల్లో మోసం గురించి, కల్తీ సరుకుల గురించి, గడువు తీరిన మందుల గురించి మాట్లాడుకుంటాం. ఏ తూకానికీ అందని ఒక నష్టం గురించి, మనిషి వేషం చూసి మర్యాదను కొలిచి ఇచ్చే పద్ధతి గురించి ఈసారి మాట్లాడాలనుకుంటున్నాను.

పట్టణంలో అద్దాల తలుపున్న ఏదైనా సెలూన్‌లో సాయంత్రం పూట కాసేపు కూర్చుని గమనించండి. నూనె రాసి బిగించి అల్లిన జడ, ఉతికి ఉతికి వెలిసిన నేత చీర, కాళ్లకు హవాయి చెప్పులతో ఒకావిడ లోపలికి వస్తే, కౌంటర్‌లో ఉన్న అమ్మాయి చూపు ముందు ఆమె కాళ్ల మీదికి, తర్వాత చేతిసంచి మీదికి, ఆఖరున ముఖం మీదికి వెళ్తుంది. ఏం కావాలో అడగకముందే ‘ఇక్కడ రేట్లు ఎక్కువమ్మా’ అనేస్తారు. ఆమె వెనకాలే కారు తాళాలతో దిగినావిడకు మాత్రం ‘రండి మేడమ్, కూర్చోండి’ అన్న పలకరింపూ మంచినీళ్లూ అందుతాయి. ముందు వచ్చినావిడతో స్టాఫ్ ఖాళీగా లేరని, గంట పడుతుందని చెబుతారు. ఖాళీ కుర్చీలు ఆమె కళ్లకు కనిపిస్తూనే ఉంటాయి. ఎవరూ తిట్టలేదు, పొమ్మనలేదు కాబట్టి, ఆవిడే వెళ్లిపోయిందని చెప్పుకోవడానికి వాళ్లకు వీలు దొరుకుతుంది.

లోపలికి రానిచ్చాక కూడా అవమానం ఆగదు. కనుబొమలు తీయించుకోవడానికి వచ్చిన కాలేజీ అమ్మాయి రెండు చేతులతో తన కనురెప్పనూ నుదుటినీ తానే లాగిపట్టుకుని, కళ్లు మూసుకుని, మాట్లాడే వీలు లేకుండా వెనక్కి వాలి ఉంటుంది. సరిగ్గా అప్పుడే ‘ట్యాన్ బాగా పట్టేసింది, మొటిమల మచ్చలు కూడా ఉన్నాయి, మీ రంగుకు ఈ ఫేషియల్ అయితేనే పనిచేస్తుంది’ అని పక్క కుర్చీలకు వినిపించేలా చెబుతారు. దీన్ని సలహా అనడానికి నా మనసు ఒప్పదు. ఒకరిని చిన్నబుచ్చి డబ్బు రాబట్టడమే ఇది. అయితే నేరమంతా ఆ పనిచేసే పిల్లలదని కూడా నేను అనను. నెలకు ఇంత వ్యాపారం తేవాలని లక్ష్యం పెట్టి, జీతంలో కొంత భాగాన్ని కమిషన్‌కు ముడిపెట్టిన చోట, వచ్చిన మనిషి ఎంత ఖర్చుపెట్టగలదో గుమ్మంలోనే అంచనా కట్టడం వాళ్లకు బతుకుతెరువు అయిపోతుంది.

ఇక చట్టం సంగతి. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపాన్ని నిర్వచిస్తూ, నాణ్యతతో పాటు సేవ అందించిన తీరును కూడా లెక్కలోకి తీసుకుంది. 2018లో ఢిల్లీలోని ఒక అయిదు నక్షత్రాల హోటల్ సెలూన్‌లో జుట్టు తప్పుగా కత్తిరించారన్న ఫిర్యాదుపై జాతీయ వినియోగదారుల కమిషన్ 2021లో 2 కోట్ల రూపాయల పరిహారం ప్రకటించింది. అంత మొత్తానికి ఆధారాలు కావాలంటూ సుప్రీంకోర్టు 2023లో దాన్ని పక్కనపెట్టినా, సేవాలోపం జరిగిందన్న నిర్ణయం జోలికి పోలేదు. అంటే కుర్చీలో కూర్చున్నవారికి చట్టం ఎంతో కొంత అండగా ఉంది. గుమ్మంలోంచే వెనుదిరిగినావిడ మాటేమిటి? డబ్బు చెల్లించినవారు, చెల్లిస్తామని ఒప్పుకున్నవారు, వారి అనుమతితో ఆ సేవ పొందినవారు మాత్రమే ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో ప్రవేశానికి రక్షణ ఇస్తోంది గానీ, అది మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాలకే పరిమితం. వెలిసిన చీర ఆ జాబితాలో లేదు. నన్ను బాధించేది ఈ ఖాళీయే.

ఆ అధికరణం మీద 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో చర్చ జరిగినప్పుడు, దుకాణం అనే మాటను ఎంత విశాలంగా అర్థం చేసుకోవాలో డాక్టర్ అంబేడ్కర్ వివరించారు. సేవ కోరి వచ్చిన ఎవరికైనా ఆ సేవ అందించడానికి సిద్ధపడ్డ చోటల్లా దుకాణమేనన్నారు. ఆ లెక్కన క్షురకుడు పనిచేసే చోటు కూడా దుకాణమే. దళితులకు క్షవరం చేయబోమన్న ఊళ్లున్న దేశంలో ఆ వివరణ చిన్న విషయం కాదు. ఊరి పెత్తందార్లకు భయపడి కత్తెర పక్కన పెట్టాల్సి వచ్చిన నాయీ బ్రాహ్మణ కుటుంబాలు కూడా ఆ వ్యవస్థలో నలిగినవేనని మరువకూడదు. అయితే నగరంలోని అద్దాల సెలూన్‌కు అలాంటి భయమేమీ లేదు.

ఈ సభలో ఉన్న సెలూన్ యజమానులను నేను కోరేది కష్టమైన పని కాదు. రేట్ల పట్టికను తలుపు బయట, దూరం నుంచి కనిపించే అక్షరాల్లో పెట్టండి. అప్పుడు తమకు అందుబాటులో ఉందో లేదో వచ్చినవారే తేల్చుకుంటారు. వచ్చిన వరుసలో టోకెన్ ఇవ్వండి. అడగనిదే ఎవరి రంగు గురించీ, ఒళ్లు గురించీ మాట్లాడవద్దని సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పండి. వినియోగదారులకు నా మనవి ఏమిటంటే, వీలైతే ముందే ఫోన్‌లో సమయం తీసుకుని ఆ సందేశాన్ని దాచుకోండి. డబ్బు చెల్లిస్తామని ఒప్పుకున్నట్టు చూపడానికి అది పనికొస్తుంది. చిన్న పనికైనా బిల్లు అడిగి తీసుకోండి. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే రుసుము కూడా ఉండదు.